పోస్టర్ ముందా, పేటెంట్ ముందా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది ఖమ్మం జిల్లా. హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీలో బయోటెక్నాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను, నాలుగో ఏడు. మా మిర్చి చేను మట్టిలోంచి ఒక బ్యాక్టీరియాను వేరు చేశాను. పుండ్ల మీద సూక్ష్మజీవులు కట్టుకునే జిగురు పొరను కరిగించే ఎంజైమ్ ఒకటి అందులో దొరికింది. పోయినేడు దాని మీద పేపర్ వేశాం. ఆ తర్వాత ఎంజైమ్‌లో రెండు చోట్ల అమైనో ఆమ్లాలు మార్చి, ఈ-కోలై అనే బ్యాక్టీరియాలో తయారు చేశాం. ఇప్పుడది ఫ్రిజ్‌లో పెట్టకపోయినా పాడవడం లేదు. జెల్‌లో కలిపి షుగర్ ఉన్న ఎలుకల పుండ్ల మీద రాస్తే మంచి ఫలితం వచ్చింది. తెలిసిన సర్జన్ ఒకాయన, రాత్రి జెల్ రాసి పొద్దున సెలైన్‌తో కడిగి ఆపైన యాంటీబయాటిక్ వేసే పద్ధతి చెప్పారు. వచ్చే నెల కాన్ఫరెన్స్‌లో పోస్టర్ పెడదాం, పేటెంట్ తర్వాత చూడొచ్చు, ఏడాది టైముంటుంది అంటున్నారు మా గైడ్. డిపార్ట్‌మెంట్ హెడ్ తన పేరు కూడా పెట్టమంటున్నారు. ఒక కన్సల్టెంట్ మూడు లక్షలిస్తే "వరల్డ్ పేటెంట్" ఇప్పిస్తానంటున్నాడు. న్యూజెర్సీలో ఉన్న మా బాబాయి కొడుకేమో నేరుగా అమెరికాలోనే వేసేద్దాం అంటున్నాడు. మట్టి మాదే కదా, మాకేమన్నా వాటా వస్తుందా అని నాన్న అడుగుతున్నారు. అన్నిటికంటే నా బాధ వేరే. అమ్మ రెండేళ్లు కాలి పుండుతో నరకం చూసింది. పేటెంట్ తీసుకుంటే రేపు అలాంటివాళ్లకి ఈ మందు అందకుండా పోతుందేమోనని టెన్షన్. ఏం చేయమంటారు? (పేరు వేయవద్దు.)

జవాబు: మీరడిగిన వాటిలో గడువు దగ్గర పడుతున్నది పోస్టర్ ఒక్కటే. అందుకని దాంతోనే మొదలుపెడతాను.

అప్లికేషన్ వేయకముందు ఆ పోస్టర్ పెట్టకండమ్మా. ఏడాది టైముంటుందని మీ గైడ్‌గారు అన్నది పూర్తిగా తప్పు కాదు. మన పేటెంట్ల చట్టం 31వ సెక్షన్‌లో ఒక వెసులుబాటు ఉంది. పరిశోధకులు విద్వత్సంఘం ముందు చదివిన పేపర్ వల్లో, ఆ సంఘం ప్రచురించిన సంచిక వల్లో విషయం బయటపడితే, పన్నెండు నెలల్లోపు అప్లికేషన్ వేసుకోవచ్చు. అయితే గోడకు తగిలించిన పోస్టర్ "చదివిన పేపర్" అవుతుందా? ఈవెంట్ కంపెనీ హోటల్లో నడిపే కాన్ఫరెన్స్ "విద్వత్సంఘం" అవుతుందా? రేపు ఎవరైనా మీ పేటెంట్‌కి అడ్డుపడాలనుకుంటే మొదట పట్టుకునేది ఇక్కడే. ఆ వాదన మనమే కొని తెచ్చుకోవడం దేనికి? పైగా ఈ వెసులుబాటు మన దేశం దాటితే చెల్లదు. అమెరికాలో వాళ్ల చట్టం ప్రకారం వేరే ఏడాది గడువుంది. యూరప్‌లో అలాంటిది లేదు, బయటపెట్టిన మర్నాడు వెళ్లినా కొత్తదనం పోయిందనే అంటారు.

మీ చదువుకి మూలపురుషులే ఇందులో చిక్కుకున్నారు. జన్యువులను కత్తిరించి ఇంకో జీవిలో అతికించే పద్ధతిని స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బోయర్ 1973 నవంబరులో పేపర్‌గా ప్రచురించారు. పేటెంట్ ఆలోచనే వాళ్లకి లేదు. మరుసటి ఏడాది ఆ పని గురించి పత్రికలో వచ్చిన వార్త చూసి స్టాన్‌ఫర్డ్‌లో లైసెన్సింగ్ చూసే నీల్స్ రైమర్స్ వాళ్ల వెంటపడ్డాడు. చివరికి 1974 నవంబరు 4న, అమెరికా గడువు ఇంకో వారంలో ముగుస్తుందనగా అప్లికేషన్ పడింది. అమెరికాలో పేటెంట్ దక్కింది. మిగతా దేశాల్లో ఆ పేపర్ వల్లే దారి మూసుకుపోయింది. ఆ ఒక్క దేశపు పేటెంటే తర్వాత 25 కోట్ల డాలర్లకు పైగా తెచ్చిందనుకోండి, అది వాళ్ల అదృష్టం.

కాన్ఫరెన్స్ తేదీ వచ్చే నెల అని నిశ్చింతగా ఉండకండి. మీరు చూడాల్సిన తేదీ అది కాదు. అబ్‌స్ట్రాక్టుల పుస్తకం పీడీఎఫ్‌గా వెబ్‌సైట్లో ఎప్పుడు పెడతారో, ఆ తేదీ. చాలాచోట్ల వారం పదిరోజుల ముందే పెట్టేస్తారు. ఇప్పటికే అబ్‌స్ట్రాక్ట్ పంపి ఉంటే ఇవాళే నిర్వాహకులకు మెయిల్ చేసి, ఆన్‌లైన్‌లో పెట్టకుండా ఆపమనండి. అప్లికేషన్ వేశాక పోస్టర్ హాయిగా పెట్టుకోవచ్చు, అప్లికేషన్‌లో రాసినవాటి వరకు. పోస్టర్ డ్రాఫ్ట్‌ను డిపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వేసే అలవాటుంటే దాన్ని కూడా కొన్నాళ్లు మానండి. ఆ గ్రూపులో పాత స్టూడెంట్లు ఎక్కడెక్కడి కంపెనీల్లో ఉన్నారో మీకు గుర్తుండదు. థీసిస్ సంగతి కూడా అంతే. సబ్మిట్ చేశాక అది శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ థీసిస్‌ల భాండాగారంలోకి వెళ్తుంది, అప్పుడిక ప్రపంచమంతా చదువుకోవచ్చు.

ఉన్న కొద్ది టైములో మీరు చేయగలిగింది ప్రొవిజనల్ అప్లికేషన్. అది వేస్తే ఆ రోజు తేదీ మీ ఖాతాలో పడుతుంది, పూర్తి అప్లికేషన్‌కి పన్నెండు నెలలు దొరుకుతాయి. కాకపోతే ప్రొవిజనల్ అంటే ఒక పేజీ రాసి పడేయడం అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అందులో లేని దానికి ఆ తేదీ రాదు. ఏ రెండు స్థానాల్లో ఏ ఆమ్లం బదులు ఏది పెట్టారో, మార్చిన జన్యువు వరస, ఈ-కోలైలో తయారు చేసిన విధానం, జెల్లో ఎంత పాళ్లు, ఎలుకల అంకెలు, అన్నీ అందులోకి ఎక్కాలి. ఆ రెండు స్థానాల్లో వేరే ఆమ్లాలు పెట్టి చూసినవి, సరిగ్గా రాక పక్కన పెట్టేసినవి ఉంటే వాటినీ రాయండి. ఆ పక్కన పెట్టినవే ఒక్కోసారి అక్కరకొస్తాయి.

ఇప్పుడు నాకు నిజంగా బెంగగా ఉన్న విషయానికొస్తాను. అది పోస్టర్ కాదు, పోయినేడు మీరు వేసిన పేపర్.

దాన్ని మళ్లీ తీసి చివరి పేరా చదవండి. మనవాళ్లంతా పేపర్ చివర ఉత్సాహంగా ఒక మాట రాస్తారు, "ఫలానా చోట మార్పులు చేస్తే ఈ ఎంజైమ్ ఇంకా స్థిరంగా ఉండొచ్చు, ముందు ముందు ఆ దిశగా పనిచేస్తాం" అని. రివ్యూయర్ అడిగితే రాసి ఉండొచ్చు కూడా. ఆ ఫలానా చోటు మీరిప్పుడు మార్చిన చోటే అయితే, "ఇది తెలిసినవాళ్లెవరైనా చేసేదే, మీరే చెప్పారుగా" అని పేటెంట్ ఆఫీసు ఎగ్జామినర్ మీ పేపర్నే మీకు చూపిస్తాడు. అలాంటి మాట ఉందా లేదా అనేది అప్లికేషన్ రాసేవాళ్లకి మొదటి రోజే చెప్పండి. దాచిపెడితే దాగేది కాదు.

ఆ పేపర్ వల్ల ఇంకో చిక్కు ఉంది. అది అర్థం కావాలంటే ముందు మన చట్టం దేన్ని ఒప్పుకుంటుంది, దేన్ని ఒప్పుకోదు అన్నది చూడాలి. మట్టిలో దొరికిన బ్యాక్టీరియాకి పేటెంట్ రాదు. ప్రకృతిలో ఉన్నదాన్ని కనుక్కోవడం ఆవిష్కరణ కిందికి రాదని పేటెంట్ల చట్టం సెక్షన్ 3(సి) చెబుతుంది. అందులోని అసలు ఎంజైముకీ, దాని అసలు జన్యువుకీ ఇదే వర్తిస్తుంది. అమెరికాలో ఒకప్పుడు జన్యువును శరీరంలోంచి విడదీస్తే చాలు, పేటెంట్ ఇచ్చేసేవాళ్లు. రొమ్ము క్యాన్సర్ ముప్పు చెప్పే బీఆర్‌సీఏ జన్యువుల మీద మిరియడ్ అనే కంపెనీ అలాగే తీసుకుంది. వాళ్ల సుప్రీంకోర్టు 2013లో ఏకగ్రీవంగా దాన్ని కొట్టేసింది, విడదీసినంత మాత్రాన అది మనిషి చేసింది అయిపోదు అని. మనిషి మార్చిన సూక్ష్మజీవి సంగతి వేరు. అక్కడ 1980లోనే ఆనంద చక్రవర్తి తయారు చేసిన, ముడి చమురును తినే బ్యాక్టీరియాకి ఐదుగురు జడ్జీలు అవునని, నలుగురు కాదని తీర్పిచ్చారు. మన దగ్గర కూడా మొక్కలు, జంతువులు, విత్తనాలకు లేదంటూనే 3(జె) సూక్ష్మజీవులను మినహాయించింది. (మీ నాన్నగారికి బీటీ పత్తి గొడవ గుర్తుండే ఉంటుంది. విత్తనంలోకి ఎక్కించిన జన్యువు మీద పేటెంట్ చెల్లుతుందా అని మోన్‌శాంటో, మన నూజివీడు సీడ్స్ సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. 2019 జనవరిలో కోర్టు దాన్ని తిరిగి విచారణకు పంపింది.)

అంటే మార్చిన ఎంజైమ్, దాని జన్యువు, ఆ జన్యువును మోసే ఈ-కోలై, తయారు చేసే పద్ధతి, వీటికి తలుపు తెరిచే ఉంది. కానీ గుమ్మంలో 3(డి) నిలబడి ఉంటుంది. తెలిసిన పదార్థానికి కొత్త రూపం ఇచ్చానంటే సరిపోదు, దాని సామర్థ్యం పెరిగిందని చూపించాలి అంటుంది ఆ సెక్షన్. మీ అసలు ఎంజైమ్ పోయినేటి దాకా ఎవరికీ తెలియనిది. పేపర్ వేసి దాన్ని "తెలిసిన పదార్థం" చేసింది మీరే.

ఎంత పెరగాలి, ఏం పెరగాలి అన్నదానికి బ్లడ్ క్యాన్సర్ మందు గ్లివెక్ కేసే ఇప్పటికీ కొలబద్ద. అందులోని మందు ఇమాటినిబ్ మెసిలేట్‌కి బీటా స్ఫటిక రూపం తెచ్చామని నోవార్టిస్ పేటెంట్ అడిగింది. ఈ రూపం ఎక్కువ స్థిరంగా ఉంటుంది, తేమ తక్కువ పీల్చుకుంటుంది, ఒంట్లోకి 30 శాతం ఎక్కువ చేరుతుంది అని చూపించింది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు కాదంది. మందు విషయంలో సామర్థ్యమంటే రోగం మీద పనిచేసే సామర్థ్యమే, నిలవ ఉండటానికీ తయారీకీ పనికొచ్చే గుణాలు ఆ లెక్కలోకి రావు అని తేల్చింది. ఒంట్లోకి ఎక్కువ చేరడం కూడా అంతటితో సరిపోదు, దానివల్ల రోగం మీద ఫలితం పెరిగిందని విడిగా చూపించాలంది.

ఇప్పుడు మీ ఉత్తరంలో మీరు గర్వంగా చెప్పుకున్న వాక్యం మళ్లీ చదవండి. "ఫ్రిజ్‌లో పెట్టకపోయినా పాడవడం లేదు." మన ఊళ్లలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకి అది వరమే, నాకు తెలుసు. కరెంటు పోయే చోట మందు బతికుండటం చిన్న సంగతేమీ కాదు. కానీ అప్లికేషన్‌లో అదొక్కటే పెట్టుకుని వెళ్తే గ్లివెక్ తీర్పు తీసి మీ ముందు పెడతారు. మీరు ఇంకో తీర్పు చూపించొచ్చు. పశువుల దాణాలో కలిపే ఫైటేజ్ అనే ఎంజైమ్‌ను నోవోజైమ్స్ కంపెనీ ఇలాగే మార్చి వేడికి తట్టుకునేలా చేస్తే, 2023లో మద్రాసు హైకోర్టు 3(డి) ఎంజైములకూ వర్తిస్తుందంటూనే, వేడికి తట్టుకోవడాన్ని సామర్థ్యం పెరగడంగా ఒప్పుకుంది. దాణాను గుళికలు చేసేటప్పుడు వేడి తగులుతుంది, ఆ వేడిలో మిగిలితేనే ఎంజైమ్ పని చేస్తుంది కాబట్టి అక్కడ ఆ వాదన నిలబడింది. మీది దాణా కాదు, మందు. అంతే సులభంగా నిలబడుతుందని నేను అనుకోను.

అందుకని మీ ఎలుకల ప్రయోగం దగ్గరికి రండి. "మంచి ఫలితం వచ్చింది" అని రాశారు. దేనితో పోలిస్తే? ఉత్త జెల్‌తోనా? అయితే పని సగమే అయింది. ఎగ్జామినర్‌కి కావాల్సింది మార్చిన ఎంజైముకీ మార్చని ఎంజైముకీ పోటీ. ఒకే మోతాదు, ఒకే జెల్, ఒకేలాంటి పుండ్లు. ఉత్త జెల్ ఒక గుంపు, పాత ఎంజైమ్ ఒక గుంపు, కొత్తది ఒక గుంపు. ఎన్నో రోజుకి పుండు ఎంత మూసుకుంది, పుండులో బ్యాక్టీరియా లెక్క ఎంత తగ్గింది. దీనితోపాటు ఇంకొకటి కొలిపించండి. పుండులో ఉండే వేడిలో, రసిలో పాత ఎంజైమ్ ఎన్ని గంటలకు చచ్చుబడుతోంది, కొత్తది ఎన్ని గంటలు పనిచేస్తోంది? కొత్తది ఎక్కువసేపు పనిచేసి, దాని వల్లే పుండు త్వరగా మానుతోందని రెండింటినీ కలిపి చూపించగలిగితే, స్థిరత్వం అన్నది నిలవకు సంబంధించిన గుణం కాకుండా వైద్యానికి సంబంధించిన గుణం అవుతుంది. మీ కేసు మొత్తం ఆ ముడి మీదే ఆధారపడి ఉంది. కొత్త గుంపు ఎలుకలకు జంతు ప్రయోగాల ఎథిక్స్ కమిటీ అనుమతి మళ్లీ కావాలి కాబట్టి దరఖాస్తు ఈ వారమే పెట్టండి. ప్రొవిజనల్ వేసిన పన్నెండు నెలల్లో ఈ అంకెలు వస్తే పూర్తి అప్లికేషన్లో చేర్చుకోవచ్చు. జెల్‌ని కూడా క్లెయిమ్ చేస్తారు (అంటే దాని మీద హక్కు కోరతారు) కాబట్టి చిన్న హెచ్చరిక. ఎంజైమూ జెల్లూ కలిపాం అంటే ఉత్త మిశ్రమం అని 3(ఇ) కింద తిప్పి పంపిస్తారు. కలిపినందువల్ల విడివిడిగా రాని ఫలితం ఏదైనా వచ్చి ఉంటే దాన్ని చూపించాలి.

సర్జన్‌గారు చెప్పిన పద్ధతికి మన దగ్గర పేటెంట్ లేదు. మనుషులకుగానీ పశువులకుగానీ చేసే చికిత్స పద్ధతులను 3(ఐ) పూర్తిగా పక్కన పెట్టింది. నన్నడిగితే అది మంచి నియమం. రాత్రి రాసి పొద్దున కడగడానికి డాక్టరు ఎవరి పర్మిషనో అడగాల్సిన పరిస్థితి ఊహించండి. అమెరికాలో ఇది జరిగింది. కుట్లు అక్కర్లేని కంటిశుక్లం కోతకు శామ్యూల్ పాలిన్ అనే డాక్టరు పేటెంట్ తీసుకుని తోటి డాక్టరు మీద దావా వేస్తే, గొడవై చివరికి 1996లో అక్కడి కాంగ్రెస్ చట్టాన్నే మార్చింది. చికిత్స పద్ధతికి పేటెంట్ ఇప్పటికీ ఇస్తారు, కానీ ఆపరేషన్ చేసిన డాక్టరు మీద దాన్ని సాధారణంగా ప్రయోగించలేరు. కాబట్టి మీరు అమెరికా దాకా వెళ్తే ఆ పద్ధతి పనికిరావచ్చు. ప్రొవిజనల్లో వివరంగా రాసి ఉంచండి, ఇక్కడ మాత్రం దాన్ని క్లెయిమ్ చేయకండి.

సర్జన్‌గారి పేరు పెట్టాలా వద్దా అన్నది కూడా దీంతోనే తేలుతుంది. ఇన్వెంటర్ అంటే క్లెయిముల్లో ఉన్నదానికి బుర్ర పెట్టినవాళ్లు. ఆయన చెప్పింది రాయడం, కడగడం వరకే అయితే, ఆ క్లెయిము లేని భారత అప్లికేషన్‌లో ఆయన ఇన్వెంటర్ కారు. జెల్ ఎంత పాళ్లలో ఉండాలో ఆయన చెప్పి, ఆ పాళ్లే మీరు క్లెయిమ్ చేస్తుంటే, అవుతారు. డిపార్ట్‌మెంట్ హెడ్‌గారి విషయంలో మొహమాటపడకండి. పేపర్ల మీద మర్యాద కోసం పేర్లు ఎక్కించే అలవాటు పేటెంట్‌కి పనికిరాదు, లేనిపోని పేరు చేరిస్తే దాన్నే సాకుగా పట్టుకుని రేపు సవాలు చేయొచ్చు. ఉన్న పేరు తీసేయడం ఇంకా ప్రమాదం. జన్యువులను సవరించే క్రిస్పర్ పద్ధతి సంగతి మీరు చదివే ఉంటారు. దాని మీద బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ అనే అమెరికా పరిశోధన సంస్థ వేసిన మొదటి అమెరికా అప్లికేషన్‌లో రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీకి చెందిన లూచియానో మరాఫినీ పేరుంది. తర్వాత వేసిన అంతర్జాతీయ అప్లికేషన్‌లో లేదు. ఆ లోటు పట్టుకుని యూరప్ పేటెంట్ ఆఫీసు మొదటి తేదీని ఒప్పుకోలేదు. మధ్యలో బయటికొచ్చిన పేపర్లు అడ్డమయ్యాయి, 2018లో ఆ పేటెంటే రద్దయింది. 2020లో అప్పీలు కూడా పోయింది. హెడ్‌గారు మళ్లీ అడిగితే ఈ కథ చెప్పి, ఏ క్లెయిములో మీ పని ఉందో రాసివ్వండి సార్ అని వినయంగా కాగితం ముందు పెట్టండి.

పేటెంట్ ఎవరి సొత్తు అన్నది మీరు చేరినప్పుడు సంతకం పెట్టిన కాగితాల్లో, యూనివర్సిటీ ఐపీ (మేధో సంపత్తి) పాలసీలో, డబ్బిచ్చిన సంస్థ షరతుల్లో ఉంటుంది. ఎక్కువగా యూనివర్సిటీయే దరఖాస్తుదారు, మీరు ఇన్వెంటర్. వచ్చే ఆదాయంలో ఇన్వెంటర్ల వాటా ఎంతో పాలసీలో రాసి ఉంటుంది, చదవండి.

నాన్నగారికి ఇలా చెప్పండి. మట్టి ఇచ్చినందుకు పేటెంట్‌లో వాటా రాదు. అలాగని చట్టం మట్టిని మర్చిపోలేదు. బ్యాక్టీరియా ఎక్కడి నుంచి తెచ్చారో స్పెసిఫికేషన్లో (అప్లికేషన్‌తో ఇచ్చే ఆవిష్కరణ వివరణలో) రాయాలి, ఫారం 1లో భారతీయ జీవసంపద వాడామని ఒప్పుకునే చోట టిక్ పెట్టాలి. ఇది మరిచిపోయి తర్వాత చిక్కుల్లో పడేవాళ్లు ఎక్కువ. జీవవైవిధ్య చట్టానికి 2024 ఏప్రిల్ నుంచి అమలైన సవరణ ప్రకారం, మీలాంటి భారతీయ దరఖాస్తుదారులు పేటెంట్ చేతికి వచ్చేలోపు చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థలో నమోదు చేసుకోవాలి, సరుకు అమ్మకానికి వచ్చేటప్పుడు అనుమతి తీసుకోవాలి. ప్రయోజనాల పంపకం మాట అప్పుడు వస్తుంది. చేను ఎవరిది, ఏ ఊరు, మట్టి ఏ తేదీన తీశారు అన్నవి ల్యాబ్ నోట్‌బుక్‌లో ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి.

అమ్మగారి గురించి మీరు రాసింది చదివాక దీనికి తొందరపడి జవాబు చెప్పాలనిపించలేదు. మీ భయం ఉత్తిది కాదు. లివర్, కిడ్నీ క్యాన్సర్‌కి వాడే నెక్సావర్‌ను బేయర్ కంపెనీ మన దేశంలో నెలకు 2,80,428 రూపాయలకు అమ్మింది. హైదరాబాద్ కంపెనీ నాట్కో అడిగితే 2012 మార్చిలో పేటెంట్ల కంట్రోలర్ కంపల్సరీ లైసెన్స్ (పేటెంట్ ఉన్న కంపెనీ ఒప్పుకోకపోయినా వేరేవాళ్లు తయారు చేసుకునే అనుమతి) ఇచ్చి, నెలకు 8,880 రూపాయలకు మించకుండా అమ్మమన్నారు. పేటెంట్ ఎంత పని చేయగలదో ఆ రెండు అంకెలు చెబుతాయి. అయినా మిమ్మల్ని పేటెంట్ తీసుకోమనే అంటాను. మనుషుల మీద ట్రయల్స్ యూనివర్సిటీ డబ్బుతో అయ్యే పని కాదు, ఏదో ఒక కంపెనీ రావాలి. ఏ హక్కూ లేని దాని మీద డబ్బు పెట్టే కంపెనీ దొరకడం కష్టం. మీరు ఊరికే వదిలేస్తే, ఇంకొకరు చిన్న మెరుగు చేసి దాని మీద హక్కు తీసుకోవచ్చు కూడా.

ఇన్సులిన్ కనిపెట్టిన బాంటింగ్, బెస్ట్, కాలిప్ 1923లో పేటెంట్ తీసుకున్నారు. తీసుకుని మనిషికి ఒక్క డాలరుకు టొరంటో యూనివర్సిటీకి రాసిచ్చేశారు. వేరెవరూ దాన్ని గుప్పిట్లో పెట్టుకోకుండా చూడటమే అక్కడ పేటెంట్ చేసిన పని. కోహెన్, బోయర్ల పేటెంట్‌ను కూడా స్టాన్‌ఫర్డ్ ఒక్క కంపెనీకి కట్టబెట్టలేదు. ఏడాదికి పదివేల డాలర్ల కనీస రుసుముతో అడిగినవాళ్లందరికీ ఇచ్చుకుంటూ పోయింది, మొత్తం 468 కంపెనీలు తీసుకున్నాయి. మీ చేతిలో ఉన్నది కూడా ఇదే, లైసెన్స్ షరతులు. ప్రభుత్వ ఆసుపత్రులకు ఫలానా ధరకు మించి అమ్మకూడదు, ఇన్నేళ్లలో మార్కెట్లోకి తేకపోతే హక్కు వెనక్కి రావాలి, వీలైతే ఒక్కరికే కాకుండా ఎక్కువమందికి ఇవ్వాలి. ఇవన్నీ యూనివర్సిటీ కంపెనీతో సంతకం పెట్టకముందు అడగాలి. మీ హక్కులను యూనివర్సిటీకి బదిలీ చేసే కాగితం మీద సంతకం పెట్టేటప్పుడే ఈ కోరికలను ఉత్తరంగా రాసి ఐపీ సెల్‌కి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఆ ఉత్తరానికి చట్టబలం తక్కువే. కానీ ఫైల్లో ఉన్న కాగితాన్ని దాటుకుని వెళ్లడానికి మన ఆఫీసుల్లో కొంచెం జంకుతారు.

బాబాయిగారి అబ్బాయికి థాంక్స్ చెప్పి ఆగమనండి. ఇక్కడ ఉంటున్నవాళ్లు ముందుగా విదేశంలో పేటెంట్ వేయాలంటే 39వ సెక్షన్ కింద అనుమతి తీసుకోవాలి. లేదంటే ఇక్కడ వేసి ఆరు వారాలు ఆగాలి. అది తప్పితే ఇక్కడి అప్లికేషన్ వదిలేసుకున్నట్టే లెక్క, శిక్ష కూడా ఉంది.

ఇక ఆ మూడు లక్షల పెద్దమనిషి. ప్రపంచం మొత్తానికి ఒకే పేటెంట్ అనేది ఎక్కడా లేదు. పీసీటీ అనే అంతర్జాతీయ అప్లికేషన్ ఉంది, అది మీకు టైమిస్తుంది అంతే. మొదటి తేదీ నుంచి ముప్పై, ముప్పై ఒక్క నెలల్లోపు ఏ దేశానికి ఆ దేశంలో విడిగా వెళ్లాలి, విడిగా డబ్బు కట్టాలి. మీ కేసులో భారత అప్లికేషన్ చెన్నై పేటెంట్ ఆఫీసు పరిధిలోకి వస్తుంది. వ్యక్తులకు, విద్యాసంస్థలకు ఆన్‌లైన్‌లో వేస్తే ఫీజు 1,600 రూపాయలు, పరీక్ష కోరడానికి 4,000. ముప్పై పేజీలు, పది క్లెయిములు దాటితే అదనం. అసలు ఖర్చు రాయించినందుకు ఏజెంటుకిచ్చేది. బయోటెక్ చదివి, పేటెంట్ ఏజెంట్ పరీక్ష పాసైనవాళ్లు హైదరాబాద్‌లోనే దొరుకుతారు, రిజిస్టర్డ్ ఏజెంట్ల జాబితా పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్లో ఉంటుంది. మీ యూనివర్సిటీ ఐపీ సెల్‌కి ఇప్పటికే ఒకరుంటే ఇంకా మంచిది, మీ జేబులోంచి తీయక్కర్లేదు. కన్సల్టెంట్‌ని ఆయన రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. చెప్పడానికి నసిగితే పైసా కట్టకండి, ఎంజైమ్ వివరాలు కూడా పంపకండి. ఇప్పటికే పంపేసి ఉంటే ఏ రోజు, ఏమేం పంపారో ఆ మెయిల్ తీసి ముందుగా ఐపీ సెల్‌కి చూపించండి.